బంతి ముట్టని కోచ్

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో మా బ్లాకు పక్క మైదానంలో పిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పే తెలుగాయన ఒకరుండేవారు. అరవై దాటిన మనిషి. అమెరికాలో కాలేజీ జట్టుకు ఆడానని చెప్పేవారు. నేను నమ్మలేదు. ఆ కోలబంతిని ఆయన చేత్తో పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు మరి. విసరడం పెద్ద పిల్లలే చూపించేవారు. బంతి కాళ్ల దగ్గరికి దొర్లుకొచ్చినా ఆయన బూటుతో నెట్టేసేవారు.

“కోచ్ కాన్ట్ త్రో లా, డాడీ,” అంది ఆయన దగ్గరే నేర్చుకుంటున్న మా అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

ఓ శనివారం ఉండబట్టలేక అడిగేశాను. “అంకుల్, మీరోసారి విసరండి, చూద్దాం.”

“నేను బంతి ముట్టే ప్లేయర్ని కాదు బాబూ. బంతి విసిరే మావాడి మీదికొచ్చేవాళ్లని అడ్డుకోవడమే నా పని. బంతి వంక చూస్తే మా కోచ్ తిట్టేవాడు.”

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనుకున్నాను.

అంతలో బంతి కాలిబాట మీదికి దొర్లింది. దాని వెనకే మా అమ్మాయి. అటునుంచి డెలివరీ సైకిలొకటి దూసుకొస్తోంది. నేను అరిచేలోపే ఆయన వంగి, ఒక చెయ్యి నేలకానించి, ఒక్క ఉదుటున లేచారు. సైకిలుకు భుజం అడ్డుపెట్టారు. సైకిలతను గడ్డిలో పడ్డాడు. మా అమ్మాయి ఆయన వీపు వెనక క్షేమంగా ఉంది.

బంతి కాలవలో పడ్డ చప్పుడుకి అందరం అటు తిరిగాం, ఆయన తప్ప.