ఛ అన్న ఒక్క అక్షరం

ఐదు వరస ఆటలో మా మామ్మ గురువమ్మను ఓడించేవాడు ఇంకా పుట్టలేదు. రేపు యముడొచ్చినా సరే, ఒక ఆట ఆడి, దున్నపోతును కూడా పోగొట్టుకుని, నడిచే ఇంటికి పోతాడు. నేను ఏడో తరగతి తప్పానే కానీ ఈ మాట తప్పు కాదు.

మామ్మది ఒడిశాలో గోపాల్‌పూర్ పక్క పల్లె. తాత పారాదీప్ బోట్ల మీదికి పనికి వెళ్లాక ఇల్లంతా ఆమె ఎండుచేపల బుట్ట మీదే నడిచింది. సంత రోజున బుట్టను బస్సు పైకెక్కించి పురుషోత్తంపూర్ పోయేది. బస్సులోవాళ్లు ముక్కు మూసుకుంటే, "కూరలో ఏసుకున్నపుడు మూసుకోరేటి?" అనేది.

సంతలో మూతపడిన దుకాణానికి రేకుల కప్పున్న అరుగు ఉండేది. ఒక్కరికే చోటు. వానాకాలం వస్తే ఆ చోటు కోసం మామ్మకూ, మరమరాలమ్మే దండాసి సాహుకూ ప్రతి సంతకూ గొడవే. తడిస్తే ఎండుచేప కుళ్లుతుంది, మరమరాలు మెత్తబడతాయి. ఇద్దరిదీ న్యాయమే. విసిగిపోయిన సంతవాళ్లు ఐదు వరస ఆడి తేల్చుకోమన్నారు. ఓడినవాళ్లు మళ్లీ అరుగు మాట ఎత్తకూడదు.

అరుగు మీదే బొగ్గుతో నిలువుగా, అడ్డంగా గీతలు గీశారు. గీతలు కలిసే చోట వంతులవారీగా ఒక్కో కాయ పెట్టాలి. మామ్మవి గవ్వలు, దండాసివి చింతపిక్కలు. నిలువో, అడ్డమో, ఏటవాలో, ముందుగా ఐదు వరసగా పేర్చినవాళ్లది గెలుపు. పెట్టిన కాయ ఎత్తితే తిరిగి పెట్టడానికి లేదు.

ఆరు పడితే ఏమిటన్న దగ్గర పేచీ వచ్చింది.

"ఆరు పడినా గెలుపే. వల్లో పెద్దసేప పడితే ఇసిరేస్తామేటి?" అంది మామ్మ.

"అది నీ సముద్రంకాడ. ఈడ అయిదంటే అయిదే, ఆరు సెల్లదు" అన్నాడు దండాసి.

మామ్మ సరేనంది.

ఆట బాగా ముదిరింది. మామ్మ నాలుగు గవ్వలు పేర్చేసరికి దండాసి ఐదో చోట పిక్క అడ్డం వేశాడు. ఆ పిక్కతోనే అతని వరస కూడా ఐదు నిండింది. మామ్మ ఆకాశం వైపు చూసింది. మబ్బు కమ్ముకొస్తోంది.

"ఛ!" అంది.

ఒడియాలో ఆరును ఛఅ అంటారు, సంతలో లెక్కలన్నీ ఒడియాలోనే. దండాసి చెవికి అది ఆరని వినబడింది. తను పట్టుబట్టి పెట్టించిన నియమం తన మెడకే చుట్టుకుందనుకున్నాడు. లెక్కపెట్టకుండానే చివరి పిక్క చటుక్కున ఎత్తేశాడు. తర్వాత లెక్కపెడితే మిగిలినవి నాలుగే. ఎత్తింది మామ్మకు అడ్డం వేసిన పిక్క. మామ్మ ఆ ఖాళీలో గవ్వ పెట్టింది. ఐదు.

"ఛఅ అన్నావు కదే!" అని అరిచాడు దండాసి.

"ఓడిపోనానని ఏడిసి ఛ అన్నానన్నా. నిన్నెవుడు ఎత్తమన్నాడు?"

సంతంతా నవ్వింది. దండాసి మాట తప్పలేదు, తన మూటలు అరుగు మీంచి తనే దించుకున్నాడు. ఆ తర్వాత బతికినంత కాలం ఆమెను 'ఛఅ గురువమ్మ' అనే పిలిచాడు.

నా అనుమానం నాది. మామ్మ ఇంట్లో చేపలు కూడా ఏక, దుయి, తిని అంటూ ఒడియాలోనే లెక్కపెడుతుంది. మొన్న మబ్బు పట్టిన పూట అడిగేశాను.

"మామ్మా, నిజం సెప్పు. ఆ ఛ తెలుగుదా, ఒడియాదా?"

"తడిసిపోతే ఎండుసేప ఏ బాసలో కుళ్లుతాదే గుంటా? కబుర్లాపి ఆ బుట్ట మీద గోనె కప్పు."