రేడియోలు మూసిన మూడు రోజులు

చాలా రేవులు తిరిగాను. ఓడ అందుకోలేకపోయినవాళ్లు చెప్పే కథలో తప్పెప్పుడూ ఓడదే. మద్రాసుకు మూడు రోజుల ఓడ ప్రయాణం దూరంలోని దీవుల్లో, మిడిల్ పాయింట్ టీకొట్లో కూర్చుని తన కథ చెప్పిన జీవరాజు మాత్రం ఓడను ఒక్క మాట అనలేదు.

అతని తండ్రి కాకినాడ వైపు నుంచి వచ్చి చౌల్దారీ పల్లెలో స్థిరపడ్డ వడ్రంగి. జీవరాజు రేవుపట్నంలోని డెలానీపూర్‌లో ఉంటూ ఒక ఆఫీసులో ప్యూనుగా చేసేవాడు. ఈ దీవుల్లో చదును నేల తక్కువ. ఫుట్‌బాల్‌కి కొండ తవ్వాలి, వాలీబాల్‌కైతే రెండు గుంజలు, ఒక నెట్టు చాలు. అందుకే ఊరూరా అదే ఆట. బంతి కొట్టడంలో జీవరాజుకు సాటి లేదు. డెబ్భై నాలుగులో, ఇరవై రెండేళ్లప్పుడు, మద్రాసు పోటీలకు దీవుల జట్టులో ఎంపికయ్యాడు.

చౌల్దారీ తెలుగు చర్చి సంఘంలో ఒక ఆచారం ఉండేది. సముద్రం దాటేవాడి కోసం మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసేవారు. ఆ మూడు రోజులూ సినిమా పాటలు చెవిన పడకుండా రేడియోలు మూసేసేవారు. జీవరాజు సెలవు పెట్టి వాళ్లతో కూర్చున్నాడు. ఓడ సోమవారం బయల్దేరాలి. తుఫాను భయంతో ఒకరోజు ముందే, ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుందని రేడియోలో చెప్పారు. సంఘంలో ఒక్కరూ వినలేదు. జట్టువాళ్లు అతను వినే ఉంటాడనుకున్నారు.

సోమవారం పెట్టెతో వస్తే జెట్టీ ఖాళీ. వల బాగుచేసుకుంటున్న జాలరి నూకన్న తలెత్తాడు.

"ఏటి భయ్యా, ఎవుల్ని ఎక్కించడానికొచ్చావు?"

"నేనే ఎక్కాలి. ఓడేది?"

"నిన్ననే ఎల్లిపోనాది. రేడియోలో రెండ్రోజులు గోలెట్టినారు. సునా నహీ క్యా, ఇన్లేదేటి?"

ఎంపిక చేసేవాళ్లు బాధ్యత లేని మనిషని రాసుకున్నారు. మరో రెండేళ్లు పిలవలేదు. ఆ తర్వాత కుర్రవాళ్లు వచ్చేశారు. జీవరాజు బంతి ముట్టుకోలేదు, చర్చి గడప తొక్కలేదు.

"ప్రార్థన చేసింది నీ కోసమే కదరా" అని తల్లి జ్ఞానవతి ఏడ్చింది.

"అందుకేనమ్మా ఓడ పోయింది" అన్నాడు.

నాలుగో ఏడు సంఘపెద్ద దానయ్య బస్సెక్కి డెలానీపూర్ వచ్చాడు.

"రేడియోలు ముయ్యమన్నది నేనురా, దేవుడు కాదు. కోపం నా మీద పెట్టుకో."

"మీ మీద ఎప్పట్నించో ఉందండి."

"మరింకేం! ఆదివారం వచ్చి నా ఎదురుగా కూర్చుని కోప్పడు. చర్చి వెనక స్థలం చదును చేయించాం. ఆడపిల్లలు వాలీబాల్ నేర్పమని నా ప్రాణం తీస్తున్నారు. నాకు బంతి పట్టుకోవడమే రాదు."

ఒక్క ఆదివారం చూపించి వచ్చేద్దామని వెళ్లాడు. ఈ దీవుల్లో గడియారం ఇండియాది, సూర్యుడు మాత్రం బర్మావాడు. చలికాలం అయిదింటికే చీకటి. ఆలోపే ఆడాలి. ఒక పిల్ల సర్వీసు నెట్టుకు తగిలి పడుతూంటే మణికట్టు ఎలా పెట్టాలో చూపించాడు. తర్వాతి బంతి దాటింది. ఆ పిల్ల కేక వేసింది. నాలుగేళ్ల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని జీవరాజు నాతో అన్నాడు.

ప్రతి ఆదివారం వెళ్లాడు. నూకన్న కూతురు తవిటమ్మ కూడా బస్సులో వచ్చేది. వల లాగిన చేతులు. ఆమె కొడితే బంతి కనబడేది కాదు. ఎనభై రెండులో ఆమె, చౌల్దారీ పిల్ల ప్రేమావతి దీవుల ఆడపిల్లల జట్టుకు ఎంపికయ్యారు.

ఆ కబురు వచ్చిన ఆదివారం చర్చిలో జీవరాజును సాక్ష్యం చెప్పమన్నారు. ఓడ తప్పించింది దేవుడేనని, ఈ పిల్లల కోసమేనని చెబుతాడని అందరూ ఎదురుచూశారు.

"అలా అనలేనండి. ఓడ తప్పింది మన పొరపాటువల్ల. మద్రాసులో ఆడలేదని ఇప్పటికీ బాధే. కానీ పొరపాటు చేసినవాళ్ల మధ్యే దేవుడు నాకు పని చూపించాడు. దానికి స్తోత్రం" అని కూర్చున్నాడు.

దానయ్య వెంటనే ఆమెన్ అన్నాడట. మిగతావాళ్లు కాస్త ఆలోచించుకుని అన్నారు.