నాయనమ్మను చంపిన కథ

నేను నరసరావుపేటలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పే రోజులవి. సాయంత్రాలు పిల్లల మాసపత్రికలకు కథలు రాసేదాన్ని. ఆ పత్రికలవాళ్లకు కథ చివర నీతి ఉండి తీరాలి. లేకపోతే తిప్పి పంపేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నీతి దగ్గరకు రాగానే పిల్లలు కిటికీలోంచి బయటికి చూడటం నేను రోజూ చూస్తున్నదే. అందుకే ఏది రాసినా ముందు క్లాసులో చదివి, వాళ్లు ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడ కొట్టేసేదాన్ని.

ఆ కసితోనే మా పిల్లల చేత లిఖిత పత్రిక ఒకటి పెట్టించాను. అచ్చు కాదు. చేత్తో రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టిన ఒకే ఒక్క ప్రతి. స్కూల్లో అందరూ చదివాక ఊళ్లో రీడింగ్ రూము బల్ల మీద పెట్టేవాళ్లం. నా షరతు ఒకటే. రాజులూ నక్కలూ వద్దు, మీ ఇంట్లో మనుషుల్ని రాయండి అన్నాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వాళ్ల నాయనమ్మ మీద రాసుకొచ్చింది. క్రైస్తవుల కుటుంబం, తండ్రి పత్తి మిల్లులో మేస్త్రీ. ముసలామె ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి కోడలు కళ్లు మూసుకుందో లేదో చూడటం, తలగడ కింద బెల్లం దాచుకుని, చీమలు పడితే మనవరాలిని తిట్టడం, అన్నీ కళ్లకు కట్టినట్టు రాసింది. చివర్లో కొడుకు మీద అలిగి ఎడ్లపాడులో కూతురింటికి వెళ్లిన నాయనమ్మ అక్కడే కన్నుమూస్తుంది. చదివి ఏడ్చాను. పైగా నీతి లేదు. ఇంకేం కావాలి? మొదటి పేజీలోనే పెట్టించాను. ఆమె బతికే ఉందా అని అడగాలని నాకే కాదు, ఎవరికీ తోచదు.

శనివారం రీడింగ్ రూముకు పేపరు చూడటానికి వచ్చిన పాస్టరుగారు అది చదివారు. ముసలామె కొన్నాళ్లుగా చర్చికి రావడం లేదని ఆయనకు తెలుసు. కథ అనుకోలేదు, కబురు అనుకున్నారు. ఆదివారం ఆరాధనలో, తల్లిని పోగొట్టుకున్న ఆ కుటుంబానికి దేవుడు ఆదరణ కలిగించాలని ప్రార్థన చేశారు. ముందు వరస చాప మీద ఉన్న కొడుకు ఆ మాట విని, నిజంగానే అలిగి ఎడ్లపాడులో ఉన్న తల్లి కబురు పాస్టరుగారికే ముందు అందిందనుకుని గొల్లుమన్నాడు. ఆ పిల్ల కూడా తను రాసింది నిజమైపోయిందని ఏడ్చింది. అందరూ బస్సెక్కి ఎడ్లపాడు చేరేసరికి ముసలామె వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

పాస్టరుగారిని అడిగితే అసలు సంగతి బయటపడింది. సోమవారం కొడుకు అర్జీ పట్టుకుని స్కూలుకు వచ్చాడు.

"బతికున్న మనిషిని చంపే సదువు మాకొద్దు టీచరమ్మా. దీని సర్టిఫికెట్ ఇప్పించండి. ఇంట్లో కూర్చుంటది."

ఎంత బతిమాలినా వినలేదు. హెడ్మిస్ట్రెస్ నన్నొక చూపు చూసి, రేపు రమ్మని ఆయనకు చెప్పింది. ఆ పిల్లను పక్కకు పిలిచి, ఎందుకు చంపావే అన్నాను.

"నాయనమ్మ ఉంటే కత ఎట్టా అయిపోద్ది టీచర్?" అంది.

ఇలాంటి పిల్ల రేపటి నుంచి బడికి రాదు. రాయమన్నది నేనే. నా మాట విన్నందుకు దాని చదువు పోతోంది.

మర్నాడు ఆయన వెంట, ఎడ్లపాడు నుంచి వాళ్లతో తిరిగొచ్చిన ముసలామె కూడా వచ్చింది. ఆయన వరండాలోనే ఆగిపోయాడు. ఆమె తిన్నగా స్టాఫ్ రూములోకి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"ఏంది పంతులమ్మా, నేను చచ్చిన కత ఉందంటగా. సదువు."

చదివాను. బెల్లం దగ్గర నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. ఆమె పోయేచోట గొంతు తగ్గించాను. "గట్టిగా సదువు" అంది. అయిపోయాక, నా పక్కన నిలబడి ఉన్న మనవరాలి వైపు తిరిగింది.

"చర్చిలో మీ నాయన ఏడ్చాడా?"

"చానా ఏడ్చాడు నాయనమ్మా. చాప మీద పడి దొర్లాడు. మా అమ్మని నేనే తిట్టి పంపించా అని ఒకటే ఏడుపు."

ముసలామె చెంగుతో ముఖం తుడుచుకుని, గుమ్మం అవతలికి వినపడేలా అంది.

"నా ఎదురుగా ఒక్కనాడూ మంచిమాట అన్నోడు కాదు. నా మీద ఇంత పేణం ఉందని ఈ పిల్ల రాయబట్టి తెలిసింది. ఒరేయ్, దాని సదువు మాన్పించావంటే నేను మళ్లీ ఎడ్లపాడు పోతా. ఇంక రాను."

ఆయన తలెత్తలేదు. చేతిలో అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే గంట కొట్టారు.

"ఇంకా నిలబడ్డావేందే? క్లాసుకి పో" అన్నాడు కూతురితో.

ఆ పిల్ల పరుగెత్తింది. అమ్మయ్య అనుకున్నాను. లేచి ఆ ముసలామెకు దణ్ణం పెట్టాను.