అల్లుడికి పెట్టిన రొట్టె

పత్తి కూలికి పోయే హులిగెమ్మది పెద్ద నోరని నందికొట్కూరులో ఆమె వీధంతా అంటుంది. అననీ. ఆ నోరే లేకపోతే మనవరాలు శివజ్యోతి ఎప్పుడో మట్టిలో కలిసేది. కూతురు పోయాక, తాగొచ్చి పిల్ల చెయ్యి విరగ్గొట్టాడు అల్లుడు పరమేష్. మెట్ల మీంచి పడిందని ఆస్పత్రిలో రాయించాడు. హులిగెమ్మ వాణ్ణి నడివీధిలో కడిగేసి, పిల్లను చంకనేసుకుని ఆదోని వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చేసింది. వాడు బళ్లారికి పోయాడని తెలిసి, పీడ విరగడైందనుకుంది.

పిల్ల ఆమె దగ్గరే ఉండాలంటే పిల్లల సంక్షేమ కమిటీ ఒప్పుకోవాలి. ఆ పని చూసే నాగలత మంచి మనిషే.

"తండ్రి బతికుండాడు కదవ్వా. ఆయప్పకు చెప్పకుండా ఏమీ తేల్చరు. నోటీసు పంపినాం," అంది.

"చెయ్యి ఇరగ్గొట్టినోనికి చెప్పేదేంది తల్లీ? మేం యాడుండేది వానికి తెలుస్తాది గదా!"

"చట్టం అట్లుండాది అవ్వా."

తెలియనే తెలిసింది. ఒక ఉదయం ఉతికిన చొక్కాతో, మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు పరమేష్. "బాగుండావా అత్తా?"

తిట్లన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ ఇన్నేళ్ల అలవాటు ముందే చెంబుతో నీళ్లందించింది. కొంగు తలమీదికి లాగింది, కుర్చీ వేసింది. పాడు అలవాటు! పిల్ల జొన్నల మూటల వెనక నక్కింది. ఇల్లు చూసి పోదామని నాగలత వచ్చేసరికి వాడు రొట్టె తింటున్నాడు.

"ఇంకోటి ఏసుకో నాయనా," అంటోంది హులిగెమ్మ.

అత్త అల్లుడికి కొసరి రొట్టె పెడుతోందని, నాగలత చూసిందే రాసింది. కమిటీ ముందు పరమేష్ ఏడ్చాడు, తాగుడు మానేశానన్నాడు. రెండో పెళ్లాం కన్న పసిబిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాలని మాత్రం చెప్పలేదు. ఎవరి దగ్గర ఉంటావని శివజ్యోతిని అడిగితే తండ్రి వైపు చూసి తల వంచుకుంది.

"ఆస్పత్రి కాగితంలో మెట్ల మీంచి పడిందనే ఉంది. మీరు భయపడే మనిషికి రొట్టె పెడతారామ్మా?" అన్నారు కమిటీ పెద్దాయన.

"అల్లుడు గదా సామీ, ఇంటికొస్తే పెట్టకుంటే ఎట్లా?"

అంతే, పిల్లను తండ్రికి అప్పజెప్పారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పోయి చూసొస్తారట. నాగలత తల తిప్పుకుంది.

బయట మోటారు సైకిలెక్కిన శివజ్యోతి, వంకరగా అతుక్కున్న చేత్తో హులిగెమ్మ కొంగు పట్టుకుంది.

"అవ్వా, ఆ పొద్దు నాయనకు రొట్టె ఎందుకు పెట్టినావు?"

హులిగెమ్మ నోరు తెరిచింది. పరమేష్ బండి స్టార్ట్ చేసి, "పోయొస్తాం అత్తా," అన్నాడు.

"మంచిది నాయనా," అంది హులిగెమ్మ.