ఓటమి ఎరగని జట్టు

ఆమె పేరు నేను అడగలేదు. కార్తీక బహుళ తదియ, బుధవారం, లాకు తలుపులు తెరిచేదాకా కాలువ పడవలో పక్కపక్కన కూర్చున్నాం, అంతే.

ఆమె అత్తవారి ఊరితో కలిపి కాలువ గట్టున నాలుగు ఊళ్ళు చెడుగుడుకి ఒక కట్టుగా ఏర్పడ్డాయి. ఏటా వంతులవారీగా ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడాలి, పిలిచిన ఊరే భోజనం పెట్టాలి. మా లంక జట్టునీ చేరమన్నారు. జట్టుకి పెద్ద మా ఆయనే. ఓటమి ఎరగనివాళ్ళకి ఈ కట్టు ఎందుకని ఆయన వాదన. పడవలో ఆమెకీ అదే చెప్పాను. ఆదివారానికి జవాబు చెప్పాలి.

లాకు ఊరు కూడా ఆ కట్టులోదే. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు ఆమెను చూసి ఆగారు.

"ఏం వదినా, మళ్ళీ ఓడిపోయారంట మీవాళ్ళు! మేం పెట్టిన భోజనం తినడంలో మాత్రం మమ్మల్ని ఓడించేశారు!"

"మా ఊరు వస్తారుగా, అప్పుడు చూస్తాను మీ సంగతి!" అని ఆమె పకపకా నవ్వింది. ఒకామె వంగి ఆమె ఒళ్ళో జామకాయలు పోసింది.

పొరుగూళ్ళలో నన్నలా ఆగి పలకరించేవాళ్ళు ఎవరూ లేరు, నాకు కుళ్ళు పుట్టింది.

ఆమె నాకో కాయ ఇచ్చి అడిగింది. "మీవాళ్ళని ఎవరూ ఓడించలేదన్నారు కదండీ. మరి మీ ఊరికి ఆడటానికి ఎవరొస్తారండీ?"

"ఈమధ్య ఎవరూ రావడం లేదండీ" అన్నాను.

ఇంటికొచ్చి కట్టులో చేరమని పట్టుబట్టాను.

"ఓడిపోతే?" అన్నారు ఆయన.

"వండేది నేను. మీకెందుకు?" అన్నాను.

మాఘంలో మా ఊళ్ళోనే మావాళ్ళు ఓడిపోయారు. ఆయన అన్నం ముట్టలేదు. నేను ఎత్తిన విస్తళ్ళు లెక్కపెట్టాను. ఆ ఏడు ఆమె ఊరితో సహా ఏ ఊరూ అంతమందికి పెట్టలేదు.