బాబాయిగారు కట్టిన స్టీరియో

మా పక్కింటి బాబాయిగారు పోయారు. ఆ కబురు నాకు రైల్లో తెలిసింది. తాడేపల్లిగూడెంలో కాలేజీ అయ్యాక రోజూ ఎక్కే పాసింజరులోనే ఏలూరు వస్తున్నాను. భీమడోలులో రైలు ఆగి ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "బాబాయిగారు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారట. కాఫీకి పిన్నిగారు లేపితే లేవలేదట" అన్నారు. పక్క సీట్లో ఆవిడ నా మొహం చూసి, "ఏవైందండీ?" అంది. "మా బాబాయిగారు పోయారండి" అన్నాను. "సొంత బాబాయిగారాండీ?" అంది. అవునన్నట్టు తలూపాను. కాదని చెప్పడానికి మనసొప్పలేదు.

నిజానికి ఆయన మాకు చుట్టం కాదు. మేం ఈ పోర్షన్లోకి దిగిన రోజు ఫ్యాను తిరక్కపోతే, పిలవకుండానే స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చి బాగుచేసి, "నన్ను బాబాయిగారనండి, సరిపోద్ది" అని చెప్పి వెళ్లిపోయిన మనిషి. మూడో రోజుకల్లా నేను ఆయనకి 'మీరు' నుంచి 'నువ్వు' అయిపోయాను. ఆయన రుణం ఎలాగూ తీరేది కాదు. కానీ చేసిపెడతానని మాటిచ్చి చెయ్యకుండా ఉండిపోయిన చిన్న పని ఒకటుంది. ఇది రాయడానికి సగం కారణం అదే.

బాబాయిగారు కొల్లేరు లంకల్లో ముప్పై ఏళ్లు మైకుసెట్టు నడిపారు. పెళ్లయినా తీర్థమైనా ఆయన రికార్డులు, ఆంప్లిఫయరు, బ్యాటరీ, బాకా స్పీకరు అన్నీ పడవెక్కి వెళ్లాల్సిందే. కొబ్బరిచెట్టుకి బాకా కట్టి, దాని పక్కనే బల్ల వేసుకుని కూర్చుని పాటలు వేసేవారు. పెన్‌డ్రైవులూ డీజేలూ వచ్చాక ఆ పని పోయింది. అప్పుడు ఏలూరు వచ్చి, ముందు గదిలో రేడియోలూ మిక్సీలూ బాగుచేయడం మొదలుపెట్టారు. రికార్డుల్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రెండు ఇనప్పెట్టెల్లో మంచం కింద ఉండేవి. "అవి పోతే కింద ఊడవడానికి వీలవుద్దమ్మా" అని పిన్నిగారు నాతో అనేవారు గానీ, వారానికోసారి ఆ పెట్టెలు తుడిచేది ఆవిడే.

మా నాన్నగారు పోయాక నా వంతుకి ఒక అట్టపెట్టె నిండా రికార్డులు వచ్చాయి. వాటిని వేసుకోవడానికి మా ఇంట్లో ఏమీ లేదు. ఒకరోజు దుమ్ము దులుపుతుంటే బాబాయిగారు చూశారు.

"ప్లేట్లు దులుపుకుని దాచుకుంటే కడుపు నిండుద్దామ్మా?" అన్నారు. ఆయన రికార్డుల్ని ప్లేట్లనే అనేవారు.

"మరేం చెయ్యమంటారండీ? మా ఇంట్లో మనుషులకే చోటు లేదు. సెట్టెక్కడ పెట్టను?"

"బియ్యం డబ్బా మీద పట్టేంత సెట్టు కడతాను. నువ్వు పక్కన కూచుంటానంటేనే. లేకపోతే నాకేం సరదా?"

అలా మొదలైంది. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కరెంటు గురించి బోర్డు మీద ఎంతసేపైనా రాస్తాను. సోల్డరింగ్ ఐరన్ మాత్రం అంతకుముందు చేత్తో పట్టుకోలేదు. అది తెలిసి ఆయన పడీపడీ నవ్వారు. "వంట పుస్తకం రాసి పొయ్యి ముట్టించని మనిషివమ్మా నువ్వు" అన్నారు. ప్రతి ఆదివారం ముందు గదిలో నన్ను కూర్చోబెట్టి, పాత రేడియోల్లోంచి పీకిన తీగల్ని అతకమనేవారు. అతికాక కళ్లద్దాలు పైకెత్తి చూసేవారు. "అతుకు మెరవాలమ్మా. మసగ్గా ఉందంటే పైకి పట్టుకున్నట్టు కనబడి లోపల పట్టుకోలేదన్నమాట" అనేవారు. పీకి మళ్లీ పెట్టించేవారు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నా క్లాసులో నేను అలా ఉండను.

రికార్డు తిప్పే బల్ల ఆయన మైకుసెట్టుదే. లోపలి రబ్బరు చక్రం మార్చి, కొత్త ముల్లు తెప్పించి పెట్టారు. ఆంప్లిఫయరు మా అమ్మాయి వదిలేసిన స్టీలు టిఫిన్ డబ్బాలో ఇమిడిపోయింది. ట్రాన్స్‌ఫార్మరుని మాత్రం అందులో పెట్టనివ్వలేదు. పాట పక్కనే ఉంటే గుయ్యిమంటూ పాటలో చేరిపోతుందని, దాన్ని వేరే డబ్బాలో మూరెడు దూరాన ఉంచారు. నడిచినప్పుడు ముల్లు ఎగరకుండా కిందొక కడపరాయి, దాని కింద పాత హవాయి చెప్పులు కోసిన ముక్కలు. బల్ల సమంగా ఉందో లేదో చూడ్డానికి పళ్లెంలో నీళ్లు పోసి దాని మీద పెట్టి, నేల మీద బోర్లా పడుకుని మరీ చూశారు. పిన్నిగారు వచ్చి, "ఏవండీ, పడిపోయారా?" అని కంగారుపడ్డారు.

స్పీకరు పెట్టెల కోసం ఇద్దరం కైకలూరు బస్సెక్కి కొల్లేరు వెళ్లాం. వడ్రంగులు ఏలూరులో లేరా అంటే వినలేదు. గాలి కూడా చొరబడని పెట్టె కావాలి, అది పడవలు చేసేవాడికే వస్తుందన్నారు. అటూ ఇటూ చేపల చెరువులే ఉన్న గట్టు మీద ఒక మేస్త్రి, బోర్లించిన పడవకి తారు పూస్తూ కనిపించాడు. బాబాయిగారిని చూడగానే చేతులు తుడుచుకుని లేచాడు.

"బాబాయిగారా! రండి రండి. ఎన్నాళ్లకి!" అని, కాగితం మీద కొలతలు చూసి, "ఇందులో చేపలెయ్యాలాండీ, పాటలెయ్యాలాండీ?" అన్నాడు.

"పాటలేరా. ఒక్క చుక్క కారకూడదు" అన్నారు బాబాయిగారు.

"మా పెళ్లికి ఈయన మైకేనండి" అని మేస్త్రి నాతో చెప్పాడు. "నీళ్లవతల మా అత్తోరి లంకలోకి కూడా వినపడిందండి. అక్కడుండిపోయిన ముసలోళ్లు ఆ పాటలు వినే అక్షింతలేశారంట."

తిరుగు ప్రయాణంలో బస్సులో బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆయనకి ఎడమపక్క కూర్చుని ఏదో అడుగుతూనే ఉన్నాను. నీళ్లని చూస్తూ పాత రోజులు తలుచుకుంటున్నారేమో అనుకుని ఊరుకున్నాను.

సెట్టు పూర్తయిన ఆదివారం మా ఇంట్లోనే వేశాం. గది ఆ చివర ఒక పెట్టె, ఈ చివర ఒక పెట్టె. మొదటి పాట మా నాన్నగారికి ఇష్టమైన యుగళగీతం. ఆయన దాన్ని స్టీరియోలో ఒక్కసారే, ఎవరింట్లోనో విన్నారట. "ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, ఆయన గుమ్మం దగ్గర నిలబడి పాడుకున్నట్టుందే" అని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను కళ్లు మూసుకుని ఆవిడ కోసం కిటికీ వైపు, ఆయన కోసం గుమ్మం వైపు ఎదురుచూశాను. ఇద్దరూ గది మధ్యలోనే ఉన్నారు. రెండు పెట్టెల్లోంచీ ఒకటే పాట వస్తోంది. లేచి డబ్బా మూత తీసి చూస్తే, ముల్లు దగ్గర్నుంచి ఒక్కో పెట్టెకి విడిగా వెళ్లాల్సిన రెండు తీగల్నీ ఆయన లోపల కలిపేసి ఉన్నారు.

"ఇదేం స్టీరియో అండీ బాబాయిగారూ! రెండూ కలిపేస్తే ఎలా? ఈ మాత్రం మా ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు" అన్నాను. పిన్నిగారు అక్కడే ఉన్నారు.

ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. "పందిట్లో ఆడపెళ్లివారొక పక్క, మగపెళ్లివారొక పక్క కూచుంటారమ్మా. వీళ్లకి సగం పాట, వాళ్లకి సగం పాట వేస్తే ఊరుకుంటారా? ఎప్పుడూ కలిపే వేశాం" అన్నారు.

"ఇది పందిరి కాదండీ. ఇల్లు."

నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. కానీ రెండు నెలలు మా ఇంటి కోసం నేల మీద పాకిన మనిషిని అంత మాట అన్నానని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ఐరన్ వేడిచేసి, తీగలు విడదీసి వెళ్లిపోయారు. మళ్లీ వేశాను. ఆవిడ కిటికీ దగ్గర, ఆయన గుమ్మం దగ్గర. మా నాన్నగారు చెప్పినట్టే. నేను ఏడ్చాను. బాబాయిగారికి చెప్పాలని మాత్రం తోచలేదు.

మర్నాడు సాయంత్రం ఆయనే వచ్చారు. కుడి పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని, చెవి దానికి ఆనించినంత పని చేసి పాట వేయించుకున్నారు. "ఎడం పెట్టె మూగబోయిందమ్మా" అన్నారు. విప్పి చూశారు. తీగలు మార్చారు. మళ్లీ వేయించుకున్నారు. "రావట్లేదు. ఆవిడ పాడట్లేదు" అన్నారు. ఆవిడ నిక్షేపంలా పాడుతోంది. నేను ఆయనకి ఎడమవైపు నిలబడి, "వస్తోంది కదండీ" అన్నాను. ఆయన తల తిప్పలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. అప్పుడూ తిప్పలేదు. బస్సులో ఆయన ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్లు బాకా ఆయన ఎడమ చెవి పక్కనే మోగింది. ఆ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి కూడా దగ్గరున్నదే అందుతోంది.

ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాను. కాసేపు డబ్బా మూత చేతిలో తిప్పుతూ కూర్చుని, "అయితే చెడింది సెట్టు కాదన్నమాట" అన్నారు. తర్వాత, "మీ పిన్నికి చెప్పకమ్మా. ఆవిడ ఎన్నన్నా నేను ఓపిగ్గా విని ఊరుకుంటానని పదిమందికీ గొప్పగా చెప్పుకుంటది" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తీగలు మళ్లీ కలిపేస్తానంటే ఒప్పుకోలేదు. "నా చెవి కోసం నీ పాట పాడుచెయ్యకు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా పాటని రెండుసార్లు వినేవారు. ముందు కుడి పెట్టె దగ్గర కూర్చుని పాటలో ఆయన గొంతు. అది అయ్యాక కుర్చీ ఎత్తుకుని గది అవతలికి వెళ్లి, ఎడమ పెట్టెకి కుడి చెవి వచ్చేలా అటు తిరిగి కూర్చుని ఆవిడ గొంతు. నేను కుర్చీ అందుకోబోతే ఇచ్చేవారు కాదు. "రెంటినీ లోపల కలుపుకుంటున్నాన్లే" అనేవారు. అలా అంటున్నప్పుడు నేను గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి పోయేదాన్ని.

దీనికి మందు చాలా చిన్నది. తీగల్ని కావలసినప్పుడు కలిపి, అక్కర్లేనప్పుడు విడదీసే ఒక స్విచ్. అది పెడితే, ఆయన ఒక్కచోటే కూర్చుని ఇద్దరి గొంతులూ ఒకేసారి వినొచ్చు. స్విచ్ కొన్నాను. "నువ్వే పెట్టాలి. నా చేతులు వణుకుతున్నాయి, పైగా నీ అతుకు చూడాలి" అన్నారాయన. వచ్చే ఆదివారం పెడతానన్నాను. ఆ ఆదివారం పేపర్లు దిద్దుకోవాల్సి వచ్చింది. పై ఆదివారం మా ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశమని తణుకు వెళ్లాం. ఆ తర్వాత వాన, ఆ తర్వాత ఊరికే బద్ధకం. ఆయన ఒక్కసారైనా గుర్తుచేయలేదు. వచ్చి, కుర్చీ మోసుకుంటూ విని, వెళ్లేవారు. ఆ కుడి చెవి కూడా ఎన్నాళ్లో ఉండేది కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పదినిమిషాల పని అది. నేను చెయ్యలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే డబ్బా విప్పి కూర్చున్నాను. మొదటి అతుకు మసగ్గా వచ్చింది. పీకాను. రెండోదీ అంతే. చూసి చెప్పేవాళ్లు లేక నాకు నేనే వంక పెట్టుకున్నాను. మూడోది మెరిసింది. అప్పుడే పిన్నిగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏం చేస్తన్నావమ్మా?"

అంతా చెప్పేశాను. చెవి సంగతి, ఆయన చెప్పొద్దన్న సంగతి, స్విచ్ సంగతి. చెబుతూ చెబుతూ గట్టిగా ఏడ్చేశాను. ఆవిడ నా తల నిమిరారు.

"ఆ చెవి పోయిందని నాకెప్పుడో తెలుసమ్మా. మేం లంకలో ఉన్నప్పుడే. దాచుకుంటన్నారు కదా, పోనీలే, దాచుకోనీ అని నేను అడగలేదు. ఎక్కడికెళ్లినా ఆయనకి కుడిపక్కనే ఉండేదాన్ని. అంతే" అన్నారు.

నేను కళ్లు తుడుచుకుని డబ్బా మూత పెట్టాను. తర్వాత ఆవిడే, "వెయ్యమ్మా ఆ పాట. ఎలా వస్తాదో విందాం" అన్నారు.

బెంచీ మీద మధ్యలో కూర్చోమన్నాను. ఆవిడ కుడి చివరికి జరిగి కూర్చున్నారు. నేను స్విచ్ నొక్కి ముల్లు దించాను. ఇద్దరి గొంతులూ ఒకేచోట నుంచి, కలిసి వచ్చాయి. మొదటి చరణం మొదలవగానే పిన్నిగారు కొంగు సవరించుకుని, ఎడమపక్క ఖాళీ వైపు వంగి, గొంతు కాస్త పెంచి, "వినపడతందాండీ?" అన్నారు.

అని, అలాగే ఆగిపోయారు. ఆవిడ చెయ్యి బెంచీ మీద ఆ ఖాళీ చోటనే ఉండిపోయింది. పాట అయ్యేదాకా నేను అటు చూడలేదు.