గొడుగున్న విమానం

డెల్మర్ రోజూ పొద్దున్నే విమానాల షెడ్డు తలుపు తీయగానే టోపీ తీసి చంకన పెట్టుకునేవాడు. ఆ రోజు గాలిలోకి లేచేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి అప్పగించి, ఆ తరవాతే పనిముట్లు ముట్టుకునేవాడు. నెబ్రాస్కా ఇసుకతిప్పల నడుమ ఆ చిన్న విమానాల మైదానంలో ముప్పై ఏళ్లుగా ఆయనే మెకానిక్కు. పేర్లు నాలుగైదుకు మించేవి కావు. మొదటిది ఎప్పుడూ, దూరదూరపు పశువుల దొడ్లకు విమానంలో వెళ్లే పశువుల డాక్టరు లైల్‌దే.

లైల్ కొత్త విమానం కొందామనుకున్నప్పుడు రెండు రకాల మధ్య ఊగిసలాడాడు. రెండూ ఒంటి ఇంజనువే, రెండూ రివ్వున పోయేవే. ఒకదాని చక్రాలు ఎగరగానే కడుపులోకి ముడుచుకుంటాయి, బరువు కూడా బాగా మోస్తుంది. రెండోదానికి చక్రాలు ముడుచుకోవు గానీ, ఆపదలో పిడి లాగితే విమానం మొత్తాన్నీ మెల్లగా దించే గొడుగులాంటి పారాచూట్ ఉంటుంది. లైల్ భార్య ఆర్డిస్ మనసు ఆ రెండోదాని మీదే.

శనివారం షెడ్డులో అందరూ కాఫీ తాగుతుండగా లైల్ అడిగాడు.

"నువ్వేమంటావ్ డెల్మర్? నీ మాటే నాకు ప్రమాణం."

"గొడుగేసుకుని ఎగిరే డాక్టర్ని చూసి దూడలు కూడా నవ్వుతాయిరా!"

ముసలి పైలట్లంతా పగలబడి నవ్వారు. లైల్ చెవులు ఎర్రబడ్డాయి. సోమవారానికల్లా చక్రాలు ముడుచుకునేదాన్నే ఖాయం చేసుకున్నాడు.

డెల్మర్ మనసులో మాట వేరు. గొడుగు విమానం పని ఆయనకు రాదు. అది వచ్చినవాడు నూట ఇరవై మైళ్ల అవతల పట్నంలో ఉన్నాడు. లైల్ అటు మళ్లితే చేతిలో పనీ, రోజూ పక్కన కూర్చునే నేస్తమూ రెండూ పోతాయని ఆయన భయం.

రెండో ఏడు ఆవులు ఈనే కాలంలో, లైల్ ఇసుకతిప్పల మీద ఎగురుతుండగా ఇంజను ఆగిపోయింది. దిగుదామంటే కింద చారెడు చదును లేదు. లైల్ ప్రాణం దక్కింది, తుంటి విరిగింది. ఆవు వెనక నిలబడి దూడను లాగే సత్తువ ఇక రాదన్నారు. విచారణకొచ్చినవాళ్లు డెల్మర్ పనిలో లోపమేదీ లేదని రాసిచ్చారు. ఆ కాగితం చూసినప్పుడల్లా ఆయన తల వాలిపోయేది. అడగాల్సింది వాళ్లు అడగనేలేదు.

డెల్మర్ భార్య పోయి ఒంటిగా ఉంటున్నాడు, ఏం తింటాడోనని ఆ చలికాలమంతా ఆర్డిస్ కారంకారంగా వండిన చిక్కుడుగింజల పులుసూ, దాల్చినచెక్క రొట్టెచుట్టలూ పంపేది. ఆయన వాటిని సగం కూడా తినేవాడు కాదు. ఆదివారం చర్చిలో తప్పులొప్పుకునే ప్రార్థన అందరితో కలిసి చదివేవాడు. అందరి తప్పుల్లో తనదీ కలిసిపోయి, తిరిగి తనతోపాటే ఇంటికొచ్చేది.

ఏడాది తిరిగాక లైల్ ఆయన్ని ఇంటికి పిలిచాడు. వంటింటి బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"మళ్లీ అవే రెండు రకాలు. ఏది కొనమంటావు? ఆ రోజు ఇంజను ఆగింది గానీ నీ మాట తప్పు కాదు."

ఆర్డిస్ రొట్టెచుట్టల పళ్లెం ముందుకు జరిపింది. డెల్మర్ దాన్ని ముట్టుకోలేదు.

"తప్పేరా. గొడుగుదాని పని నాకు రాదు. నువ్వు పట్నం షెడ్డుకి పోతావని భయపడ్డాను. నలుగురూ నవ్వితే నువ్వు తట్టుకోలేవని తెలిసే నవ్వించాను."

లైల్ చేతికర్రను బల్లకు ఆనించాడు.

"దూడలు నవ్వుతాయన్నావు," అన్నాడు. "నవ్వితే నవ్వనీ. వాటి దగ్గరికే పోలేకపోతున్నాను."

ఆర్డిస్ ఒక కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. "గొడుగుదే కొంటున్నాం. నీ మీద నాకు కోపం ఉంది డెల్మర్, చాలా రోజులుంటుంది. ముందు తిను, చల్లారిపోతోంది."

ఆయన ఒక తుంపు తిన్నాడు.

"ఒక్క సాయం చెయ్యమ్మా. బాగుచేయించడానికి ఆ విమానాన్ని పట్నంలో వదిలిన రోజుల్లో, వీణ్ణి ఇంటికి నా బండిలో తీసుకురానివ్వు. వీడు నాతో మాట్లాడకపోయినా సరే."